డిమెన్షియాలో లేనివి కనిపించడం, అయినవాళ్లనే అనుమానించడం: ఇంట్లో చూసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మతిమరుపుతో నెట్టుకురావచ్చు. కానీ అమ్మ ఉన్నట్టుండి "మంచం కింద ఎవరో ఉన్నారు" అన్నా, కోడలు నగలు దొంగిలించిందని వీధిలో చెప్పినా ఇల్లంతా తల్లడిల్లిపోతుంది. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

గదిలో చిన్నపిల్లలు కూర్చున్నారంటోంది. అక్కడ ఎవరూ లేరు. ఇది డిమెన్షియాలో భాగమేనా?

కావచ్చు. అయితే ముందు మూడింటిని విడదీసి చూడాలి. కుర్చీ మీద వేసిన తువ్వాలును చూసి మనిషి అనుకుంటే అది పొరబాటు చూపు. లైటు వేసి తువ్వాలు తీసేస్తే పోతుంది. ఖాళీ గోడ దగ్గర మనిషి కనిపిస్తే, నిశ్శబ్దంలో పిలుపు వినిపిస్తే అది భ్రాంతి. "నా డబ్బు దోచేశారు", "అన్నంలో ఏదో కలిపారు" అని గట్టిగా నమ్మితే అది భ్రమ. మొదటిదానికి ఇంట్లో మార్పులు సరిపోతాయి. రెండోదానికి డాక్టరు కావాలి. మూడోదానికి డాక్టరుతో పాటు మీ నోటి మాట కూడా మందే.

పిల్లలు, మనుషులు, పిల్లులు, కుక్కలు స్పష్టంగా, రంగుల్లో, జబ్బు మొదటి రోజుల నుంచే కనిపిస్తుంటే లూయీ బాడీ డిమెన్షియా అనే రకం గురించి ఆలోచించాలి. నడక నెమ్మదించడం, నిద్రలో కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసరడం, ఒక పూట చురుగ్గా ఉండి మరో పూట మబ్బుగా ఉండడం దానికి తోడుండే లక్షణాలు. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే ఆల్జైమర్స్‌లో దొంగతనం అనుమానాలే ఎక్కువ, చూపు భ్రాంతులు సాధారణంగా తర్వాతి దశలో వస్తాయి.

ఇంకో మాట. శుక్లాలు ముదిరినవాళ్లకు, రెటీనా దెబ్బతిన్నవాళ్లకు డిమెన్షియా లేకపోయినా బొమ్మలు, మనుషులు కనిపించవచ్చు. దీన్ని చార్లెస్ బానెట్ సిండ్రోమ్ అంటారు. "అవి నిజం కాదని నాకు తెలుసు" అని వాళ్లే చెబుతారు. అందుకే కంటి పరీక్ష తప్పనిసరి.

నిన్నటిదాకా బాగానే ఉన్నారు. రాత్రికి రాత్రే మొదలైంది. ఏం చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. డిమెన్షియా నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వచ్చిపడేది డెలిరియం. అంటే ఒంట్లో ఇంకేదో చెడింది, మెదడు దాన్ని తట్టుకోలేకపోతోంది. "వయసు మీద పడింది, జబ్బు ముదిరింది" అని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అరిచి గోల చేసేవాళ్లను ఎలాగూ ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఉన్నట్టుండి మత్తుగా, పలకకుండా పడుకున్నవాళ్లను మాత్రం "ఈ రోజు బుద్ధిగా ఉన్నారు" అనుకుంటారు. అదీ డెలిరియమే కావచ్చు.

బయలుదేరే లోపు ఇంట్లోనే చూడగలిగినవి ఇవి. షుగరు మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లయితే అన్నిటికంటే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తగ్గి, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. జ్వరం చూడండి, కానీ ముసలివాళ్లకు న్యుమోనియాలో కూడా జ్వరం రాకపోవచ్చు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఉంటే చూడండి, 92 కంటే తక్కువైతే ఆగకండి. ఎన్ని రోజులుగా విరేచనం కాలేదో లెక్కపెట్టండి. మూడు నాలుగు రోజుల మలబద్ధకం చాలు మనిషిని గందరగోళంలో పడేయడానికి. మగవాళ్లలో ప్రోస్టేట్ వాపుతో మూత్రం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే, ఆ బాధను మాటల్లో చెప్పలేక పక్కవాళ్లను తిడుతుంటారు. ఈ మధ్య కిందపడి తలకు తగిలిందేమో గుర్తుచేసుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న దెబ్బకే మెదడు చుట్టూ రక్తం చేరి, వారాల తర్వాత బయటపడుతుంది.

ఆ తర్వాత మందుల సంచీ తిరగేయండి. గత రెండు వారాల్లో ఏది కొత్తగా మొదలైంది? జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్ర, దగ్గు సిరప్‌లో డైఫెన్‌హైడ్రమిన్, నిద్రకు ఆల్ప్రాజోలం, నొప్పికి ట్రమడాల్, మూత్రం ఆపుకోలేనందుకు ఆక్సీబ్యుటినిన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్: ఇవన్నీ పెద్దవాళ్ల మెదడును కలవరపెట్టగలవు. పార్కిన్సన్స్‌కు వాడే ప్రమిపెక్సోల్, లెవోడోపా వల్ల కూడా లేనివి కనిపిస్తాయి. బీపీకి వాడే కొన్ని మూత్రం మాత్రలు సోడియం తగ్గించి మనిషిని తికమకపెడతాయి. అలాగని మీరే ఆపేయకండి. పార్కిన్సన్స్ మందులు, రోజూ వాడే నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. సంచీ మొత్తం డాక్టరు బల్ల మీద పెట్టండి.

ఆసుపత్రిలో సాధారణంగా రక్తపరీక్ష, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగరు, మూత్రపరీక్ష, దగ్గుంటే ఛాతీ ఎక్స్‌రే, పడిపోయి ఉంటే తల స్కాన్ చేస్తారు. మూత్రపరీక్ష విషయంలో ఒక జాగ్రత్త: పెద్దవాళ్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ లేకుండానే బాక్టీరియా కనిపించడం మామూలే. మంట, జ్వరం, మాటిమాటికీ వెళ్లడం లాంటివేవీ లేకుండా ఆ రిపోర్టు ఒక్కదాన్నే పట్టుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఊరుకుంటే అసలు కారణం మరుగునపడుతుంది. "ఇంకేదైనా ఉందేమో చూశారా?" అని అడగడం తప్పు కాదు.

నాన్న రోజూ కల్లు తాగేవారు. మతిమరుపు వచ్చిందని ఆపించాం. మూడో రోజు నుంచి గోడల మీద పురుగులంటున్నారు.

ఇది డిమెన్షియా భ్రాంతి అయ్యే అవకాశం తక్కువ. సారా, మద్యం రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల లోపే చెమటలు, వణుకు, పురుగులు కనిపించడం, ఫిట్స్ రావచ్చు. కల్లులో ఇంకో చిక్కుంది. తెలంగాణ జిల్లాల్లో అమ్మే కల్తీ కల్లులో డయాజెపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు, పిచ్చిగా ప్రవర్తిస్తున్నారంటూ ఎంతోమందిని ఆసుపత్రులకు తెచ్చారు. అది మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, కల్లు సంగతి దాచకండి. పెద్ద వయసులో ఇంట్లోనే మాన్పించే ప్రయత్నం వద్దు.

లేదని చెప్పాలా, ఉందని ఒప్పుకోవాలా?

రెండూ వద్దు. "అక్కడెవరూ లేరమ్మా, నీకు పిచ్చా?" అంటే, కళ్లతో చూస్తున్నదాన్ని కాదంటున్న మీరు కూడా శత్రుపక్షంలో చేరినట్టే. "అవును, నేనూ చూశాను, తరిమేస్తాను" అంటే భయానికి ముద్ర వేసినట్టు. తర్కించే శక్తే దెబ్బతిన్న మెదడుతో వాదించి గెలవడం ఉండదు.

మాట కంటే ముందు ఒళ్లు మాట్లాడాలి. ఎదురుగా నిలబడకుండా పక్కగా, వాళ్ల కళ్ల ఎత్తుకు కూర్చోండి. టీవీ ఆపండి. ముట్టుకుంటే ఇష్టపడేవాళ్లయితే చెయ్యి పట్టుకోండి. తర్వాత వాళ్లు చూసినదాని గురించి కాక, వాళ్లకు కలిగిన భయం గురించి మాట్లాడండి. "భయమేసిందా అత్తయ్యా? నేనిక్కడే ఉన్నాను. తలుపు గడియ పెట్టాను." కాసేపు ఆగి "నాకైతే కనిపించడం లేదు, కానీ మీకు ఇబ్బందిగా ఉంది కదా, రండి హాల్లో కూర్చుందాం" అని చోటు మార్చండి. గది మారడం, లైటు మారడం, చేతికి పని దొరకడం చాలాసార్లు మాటల కంటే బాగా పనిచేస్తాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, బట్టలు మడతపెట్టడం, వత్తులు చేయడం లాంటి అలవాటైన పనులు ఇవ్వండి.

ఆ కనిపించేవి వాళ్లను బాధపెట్టకపోతే డాక్టరుకు చెబితే చాలు, ఇంకేమీ చేయనక్కర్లేదు. రోజూ సాయంత్రం కిటికీలో పిల్లి కనిపించి, దానితో ముచ్చట్లాడి నవ్వుకుంటుంటే దానికి మందెందుకు? బాధ చూసేవాళ్లదా, వాళ్లదా అన్నది ముందు తేల్చుకోండి.

బీరువాలో డబ్బు, గాజులు కోడలే తీసిందంటున్నారు.

అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేవాళ్ల మీదే నింద పడుతుంది, ఎందుకంటే ఎదురుగా ఉన్నది వాళ్లే. వస్తువును తనే దాచిన జ్ఞాపకం మెదడులో నిలవదు. పెట్టిన చోట లేదు కాబట్టి ఎవరో తీశారన్న ముగింపుకు వస్తుంది.

"నేను తీయలేదు" అని సంజాయిషీ మొదలుపెట్టకండి. "గాజులు కనిపించకపోతే కంగారే కదా, పదండి వెతుకుదాం" అనండి. దొరికినప్పుడు "చూశారా, మీరే పెట్టారు" అనకండి. వీలైతే వాళ్ల చేతికే దొరికేలా చేయండి. ఎక్కువగా దొరికే చోట్లు దిండు గలీబు, పరుపు కింద, బియ్యం డబ్బా, పాత చీర మడతలు, దేవుడి గూడు, చెప్పుల లోపల. చెత్తబుట్ట బయట పోసే ముందు ఒకసారి కెలకండి.

అసలు బంగారాన్ని బ్యాంకు లాకర్లోకి మార్చి, అలవాటైన పెట్టెలో రోల్డుగోల్డు ఉంచండి. పర్సు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. పది, ఇరవై రూపాయల నోట్లు కొన్ని ఉంచితే లెక్కపెట్టుకుంటూ స్థిమితపడతారు. బీరువా తాళానికి, కళ్లజోడుకు మారువి చేయించండి. పనిమనిషికి, పక్కింటివాళ్లకు, అక్కాచెల్లెళ్లకు జబ్బు సంగతి ముందే చెప్పండి. నింద పడ్డాక చెబితే సాకులా వినిపిస్తుంది.

అయితే ఫిర్యాదులన్నీ జబ్బే అనుకోవద్దు. పింఛను డబ్బు నిజంగానే మాయమవుతుండవచ్చు, ఎవరో నిజంగానే కొడుతుండవచ్చు. ఒంటి మీద కమిలిన మచ్చలు, పాస్‌బుక్కులో తెలియని విత్‌డ్రాయల్స్ ఒకసారి మౌనంగా సరిచూడండి.

అన్నంలో విషం కలిపారని తినడం లేదు.

ముందు నోరు చూడండి. పంటి నొప్పి, నాలుక మీద తెల్లటి పూత, కట్టుడు పళ్లు ఒరుసుకుపోవడం, మందుల వల్ల నోరు చేదెక్కడం, వాసన తెలియకపోవడం ఇవన్నీ "రుచి తేడాగా ఉంది, ఏదో కలిపారు" అన్న అనుమానంగా మారతాయి. వాళ్లు చూస్తుండగా అదే గిన్నెలోంచి మీకూ వడ్డించుకుని, మీరే మొదటి ముద్ద తినండి. తొక్క ఉన్న అరటిపండు, ఉడికించిన గుడ్డు, కొబ్బరిబొండం, విప్పని బిస్కెట్ ప్యాకెట్ లాంటివి అనుమానం లేకుండా తీసుకుంటారు.

మాత్ర పొడిచేసి పెరుగన్నంలో దాచి పెట్టడం అందరికీ తోచే ఉపాయం. ఒక్కసారి చేదు తగిలినా, మీరు కలుపుతుండగా చూసినా వాళ్ల అనుమానం నిజమైపోతుంది, ఇక ఆ చేత్తో పెట్టింది ముట్టరు. పైగా నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను పొడిచేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. సిరప్ రూపంలోనో, చర్మం మీద అంటించే ప్యాచ్‌గానో దొరుకుతుందేమో డాక్టరును అడగండి. డిమెన్షియాకు వాడే రివాస్టిగ్మిన్ ప్యాచ్‌గా దొరుకుతుంది. ఒక రోజంతా నీళ్లు కూడా తాగకపోతే అది ఆసుపత్రి విషయం.

డెబ్భై ఏళ్ల వయసులో నాన్న మీద అక్రమ సంబంధం అంటగడుతోంది అమ్మ. ఎవరితో చెప్పుకోవాలి?

సిగ్గుతో దాచుకునే ఈ లక్షణం జబ్బంత పాతది. ఆల్జైమర్స్ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ జర్మన్ డాక్టరు ఆలోయిస్ ఆల్జైమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో పరీక్షించిన మొదటి రోగి విషయంలో, మొట్టమొదట బయటపడ్డ లక్షణం భర్త మీద అనుమానమే. ఆమె జబ్బు గురించి ఆల్జైమర్ 1906లో ప్రసంగించాడు.

నాన్నగారు ఒట్లు వేయడం, కోప్పడి బయటికి వెళ్లిపోవడం రెండూ అనుమానాన్ని పెంచుతాయి. బయటికి వెళ్తే ఎక్కడికో, ఎప్పుడొస్తారో పలక మీద పెద్ద అక్షరాల్లో రాసి కళ్లెదుట ఉంచండి. ఫోన్‌లో గుసగుసగా మాట్లాడకండి. చెవుడు ఉన్నవాళ్లకు నలుగురూ కలిసి మాట్లాడుకుంటే తన గురించే అనిపిస్తుంది. చెవిలో గులిమి తీయించడం, వినికిడి యంత్రం బ్యాటరీ మార్చడం చిన్న పనులే కానీ అనుమానాలకు మంచి విరుగుడు.

"నువ్వు నా కొడుకువి కాదు, వాడిలా వేషం వేసుకొచ్చావు" అంటున్నారు.

దీన్ని కాప్‌గ్రా భ్రమ అంటారు. ముఖం పోలిక తెలుస్తుంది, కానీ దానితోపాటు రావలసిన "నావాడు" అన్న భావన రాదు. ఆ ఖాళీని మెదడు "మోసగాడు" అన్న కథతో పూరిస్తుంది. గొంతు మీద గుర్తింపు చాలామందికి చెక్కుచెదరదు. అందుకే గది బయటి నుంచే "నాన్నా, నేనొచ్చాను" అని పిలిచి తర్వాత లోపలికి రండి. ఒప్పుకోకపోతే పట్టుబట్టకుండా బయటికి వెళ్లి, పది నిమిషాలాగి, చొక్కా మార్చుకుని మళ్లీ రండి. ఆధార్ కార్డు చూపించి నిరూపించాలని మాత్రం చూడకండి. వేషం వేసినవాడు కార్డు కూడా చేయించగలడు కదా, వాళ్ల లెక్కలో!

అద్దంలో ఎవరో ఉన్నారంటున్నారు. టీవీలో మనుషులు ఇంట్లోకి వచ్చారంటున్నారు.

అద్దం మీద గుడ్డ కప్పండి. బీరువా తలుపుకున్న నిలువుటద్దం మరవకండి. రాత్రి కిటికీ అద్దం కూడా అద్దమే, చీకటి పడకముందే కర్టెన్ వేయండి. నేర వార్తలు, ఏడుపుల సీరియళ్లు ఆపి పాత పాటలో, భజనలో పెట్టండి.

పగలంతా బాగుంటారు. సాయంత్రమైతే మొదలు.

వెలుగు తగ్గి, నీడలు పొడవై, అలసట పెరిగే వేళ అది. పొద్దుగూకడానికి అరగంట ముందే ఇంట్లో లైట్లన్నీ వేయండి. సందెవేళ కొంతసేపు ఇంట్లో లైట్లు తీసేసే అలవాటుంటే మానుకోండి. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా జీరో బల్బులు దారి చూపాలి, కానీ ఫ్యాను మీద పడి నీడలు తిప్పేలా ఉండకూడదు. కరెంటు పోయినప్పుడు ఆ గదికి ఇన్వర్టర్ లైను ఉండేలా చూడండి. ముఖాల్లా కనిపించే పూల కర్టెన్లు, తలుపు వెనక వేలాడే చొక్కాలు, నల్లటి డోర్‌మ్యాట్ తీసేయండి. నల్లటి మ్యాట్ కొందరికి గొయ్యిలా కనిపిస్తుంది.

మధ్యాహ్నం నిద్ర అరగంటకు మించనీయకండి. నాలుగు దాటాక కాఫీ, టీ వద్దు. ఉదయం ఎండలో ఇరవై నిమిషాలు కూర్చోబెడితే రాత్రి నిద్ర మెరుగుపడుతుంది. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లకు పరిమితి లేకపోతే రోజుకు లీటరున్నర దాకా పగటిపూటే తాగించండి.

చనిపోయిన తాతయ్య వచ్చి పిలుస్తున్నారంటోంది. బంధువులు గాలి సోకిందంటున్నారు.

పోయినవాళ్లు కనిపించడం డిమెన్షియాలో తరచుగా జరిగేదే. "ఆయన పోయి ఇరవై ఏళ్లయింది" అని గుర్తుచేస్తే ఆ చావును మళ్లీ కొత్తగా భరించాలి. "తాతయ్య గుర్తొచ్చారా? ఆయనకు ఏ కూర ఇష్టం?" అని అడగండి. దిష్టి తీసినా, తాయెత్తు కట్టినా వాళ్లకు నెమ్మది కలిగితే అభ్యంతరం లేదు. పొగ వేయడం, కొట్టడం, ఉపవాసం ఉంచడం, మందులు ఆపించడం, పసరు తాగించడం దగ్గర మాత్రం గట్టిగా అడ్డుపడండి. అక్కడ పోయే రెండు మూడు రోజులే డెలిరియం విషయంలో విలువైనవి.

మందు ఉందా?

ఉంది, కానీ మొదటి మెట్టు అది కాదు. భయంతో వణికిపోతున్నప్పుడు, తమకో ఇతరులకో హాని జరిగేలా ఉన్నప్పుడు, పైవన్నీ చేసినా ఆగనప్పుడు రిస్పెరిడోన్, క్వెటియాపిన్ లాంటి యాంటీసైకోటిక్స్ (భ్రాంతులను, భ్రమలను తగ్గించే మందులు) చాలా చిన్న మోతాదులో మొదలుపెడతారు. రిస్పెరిడోన్ అయితే సాధారణంగా 0.25 మి.గ్రా., క్వెటియాపిన్ అయితే 12.5 నుంచి 25 మి.గ్రా. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఈ మందులు మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో హెచ్చరిక ముద్రింపజేసింది. అది ఆధారపడ్డ పరీక్షల్లో సుమారు పది వారాల్లో మరణాలు మందు వాడినవాళ్లలో దాదాపు 4.5 శాతం, వాడనివాళ్లలో 2.6 శాతం. 2008లో హాలోపెరిడాల్ వంటి పాత మందులకూ ఆ హెచ్చరికను విస్తరించింది. తూలిపడడం, ఒళ్లు బిగుసుకోవడం, మత్తు, పక్షవాతం గమనించాల్సిన ప్రమాదాలు. మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయించారా అని అడగండి.

లూయీ బాడీ డిమెన్షియాలో, పార్కిన్సన్స్‌లో హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఒక్కటి చాలు మనిషి కొయ్యబారిపోవడానికి. రాత్రిపూట ఎమర్జెన్సీలో గోల చేసే రోగికి అదే ముందు గుర్తొస్తుంది. ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో "లూయీ బాడీ: హాలోపెరిడాల్, మెటోక్లోప్రమైడ్ ఇవ్వొద్దు" అని రాయించి, డాక్టరు సంతకం పెట్టించుకోండి. మెటోక్లోప్రమైడ్ అంటే వాంతులకు ఇచ్చే మందు. ఈ రకంలో భ్రాంతులకు ముందుగా డోనెపెజిల్ లేదా రివాస్టిగ్మిన్ ప్రయత్నిస్తారు. నాడి నెమ్మదించడం, విరేచనాలు, వాంతులు వీటితో వచ్చే ఇబ్బందులు.

డాక్టరుకు పది నిమిషాల్లో ఏం చెప్పాలి?

"రోజూ గొడవే సార్" అంటే ఆయనకేమీ తెలియదు. ఒక నోటుబుక్కులో వారం పాటు రాయండి: ఎన్ని గంటలకు, ఏం చూశారు లేదా ఏమన్నారు, దానికి అరగంట ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, దేనితో తగ్గింది, భయపడ్డారా లేదా. విరేచనం, నిద్ర, కొత్త మందు కూడా అందులోనే. వీలైతే చిన్న వీడియో. న్యూరాలజిస్టు గానీ, సైకియాట్రిస్టు గానీ చూడొచ్చు. రోగి ముందే ఇవన్నీ ఏకరువు పెట్టకుండా కాగితం ముందుగా లోపలికి పంపండి.

కొట్టడానికి మీదికి వస్తే?

చెయ్యి అందనంత దూరం జరగండి. వాళ్లకూ తలుపుకూ మధ్య నిలబడకండి, దారి మూసేశారనుకుంటారు. చేతులు విరిచి పట్టుకోకండి, గట్టిగా అరవకండి, నలుగురు చుట్టుముట్టకండి. ఒక్కరే, తక్కువ గొంతుతో మాట్లాడాలి. కత్తిపీట, రోకలి, యాసిడ్ సీసా, పురుగుమందు ముందే తాళంలో ఉండాలి. గ్యాసు రెగ్యులేటర్ రాత్రి కట్టేయాలి. పరిస్థితి చేయి దాటితే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి "డిమెన్షియా రోగి" అని మొదటి మాటలోనే చెప్పండి. మాట్లాడే మనిషి కావాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, పెద్దల కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉన్నాయి. రెండింటిలోనూ తెలుగులో మాట్లాడవచ్చు.

నేను అమెరికాలో ఉంటాను. అన్నయ్య తిండి పెట్టడం లేదని అమ్మ ఫోన్‌లో ఏడుస్తోంది.

అన్నయ్య మీద విరుచుకుపడే ముందు వదినను కాకుండా ఇంకో ఇద్దరిని అడగండి: పక్కింటివాళ్లు, ఇంటికొచ్చే నర్సు. అమ్మ బరువు నెలనెలా తూయించండి. తిండి అందుతోందో లేదో ఆ అంకె చెబుతుంది. అమ్మతో "నేను కనుక్కుంటానమ్మా" అనండి చాలు. ఇద్దరి మధ్య తీర్పులు వద్దు.

దూరం నుంచి చూసేందుకు కెమెరా పెట్టించాలనుకుంటారు చాలామంది. ఎర్ర లైటు వెలిగే కెమెరా, అందులోంచి ఉన్నట్టుండి వచ్చే మీ గొంతు, అనుమానంతో ఉన్న మనిషికి "గోడలోంచి మాట్లాడుతున్నారు" అన్న భ్రమకు బీజం. పెట్టాల్సివస్తే తలుపు దగ్గర పెట్టండి, అందులోంచి మాట్లాడకండి. అమ్మను అక్కడికి రప్పించుకుంటే మొదటి రెండు వారాలు భ్రాంతులు పెరగవచ్చు. పగలు రాత్రి తారుమారు కావడం, కొత్త ఇల్లు, తెలియని భాష అన్నీ కలుస్తాయి. ఇంటి నుంచి ఆమె దుప్పటి, దేవుడి పటం, స్టీలు గ్లాసు వెంట తెప్పించండి. మందులు విమానంలో చేతిసంచీలో ఉండాలి.

ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందా?

ఆల్జైమర్స్‌లో అనుమానాలు మధ్య దశలో ఎక్కువై, జబ్బు ముదిరి మాట తగ్గేకొద్దీ చాలామందిలో వాటంతట అవే పలచబడతాయి. లూయీ బాడీలో ఎక్కువ కాలం ఉంటాయి. అందుకే యాంటీసైకోటిక్‌ను ఒకసారి రాసిన చీటీతో ఏళ్ల తరబడి కొనకూడదు. సరైన మోతాదులో నాలుగు వారాలు వాడినా గుణం లేకపోతే డాక్టరు తగ్గించి ఆపాలి. గుణం ఉన్నా నాలుగు నెలల లోపు తగ్గించి చూడమని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మందు మొదలైన తేదీ మాత్రల డబ్బా మీద రాసిపెట్టి, ఆ గడువు రాగానే "ఇది ఇంకా అవసరమా?" అని మీరే అడగండి.